గణపతిదేవుని అభయశాసనము

ఓరుగల్లు సముద్రమునకు బహుదూరము. ఆ నగరమునేలిన గణపతిదేవ చక్రవర్తి మాత్రము కడలిపై తిరుగు వర్తకుల క్షేమమును గూర్చి యోచించినవాడు.

ఆయన యౌవనము సుఖముగా గడవలేదు. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరుచు మరణించెను. గణపతిదేవుడు శత్రువులకు బందీ యయ్యెను. రాజులేని రాజ్యమును రేచర్ల రుద్రుడను సేనాని కాపాడెను. 1199వ సంవత్సరమున చెఱ వీడి వచ్చిన గణపతిదేవుడు 1262 వఱకు పాలించెను. కాకతీయులలో అంత దీర్ఘకాలము రాజ్యమేలినవారు వేఱొకరు లేరు. ఆయన దివిసీమను జయించి, అచటి జాయపను గజసేనాధిపతిగా నియమించెను. తీరదేశముతోపాటు మోటుపల్లి రేవును కాకతీయుల వశమయ్యెను.

చలికాలము ప్రవేశించు దినములలో బంగాళాఖాతమున ఈశాన్యపు గాలి వీచును. తూర్పు దేశములనుండి వచ్చు తెరచాప ఓడలకు ఆ గాలియే ఆధారము. తుపానులు తఱచుగా పుట్టునదియు ఆ కాలముననే! కావున నావికులు అపాయమునెఱిగియు బయలుదేరక తప్పదు. ఓడ పగిలి సరకులు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో అవి తీరమునేలు రాజునకే చెందునను ఆచారము పూర్వము ఉండెను. ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు, ఏవియైనను రాజులు బలిమిని గైకొనుచుండిరి. అలలనుండి ప్రాణములతో బయటపడిన వర్తకుడు గట్టుమీద సర్వస్వమును కోల్పోవుచుండెను.

గణపతిదేవుడు ఈ యాచారమును మాన్పించెను. శాలివాహన శకము 1166న, అనగా క్రీ. శ. 1244-45లో, మోటుపల్లియందు శిలాస్తంభముపై అభయశాసనమును చెక్కించెను. గాలివానకు చిక్కి తీరమున పడిన ఓడల సరకును తాను హరింపననియు, నిర్ణయించిన సుంకము తప్ప మఱేమియు కోరననియు అందు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు మాత్రమే. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పట్టునూలు, మిరియములు మున్నగువానికి చెల్లింపవలసిన సుంకములును శాసనమున కలవు. రాతిపై నుండుటచే అధికారులు వానిని తమ యిచ్చవచ్చినట్లు పెంచుటకు వీలు లేకపోయెను.

వర్తకులు నిర్భయముగా వచ్చినచో బొక్కసమునకును లాభమే. కరుణ యొక్కటియే దీనికి కారణమనుట సరికాదు. అయినను పరులచేత చిక్కి బ్రదుకుట యెట్టిదో స్వయముగా నెఱిగినవాడు గనుక, నావికుల దైన్యము ఆయన మనస్సును తాకియుండవచ్చును.

ఆయన అనంతరము కుమార్తె రుద్రమదేవి రాజ్యమేలెను. కాకతీయ సామ్రాజ్యము 1323లో అంతరించెను. 1358లో కొండవీటి అనపోతారెడ్డి వర్తకులకు అభయమిచ్చుచు మోటుపల్లియందే మఱియొక శాసనమును వేయించెను.