గోలకొండ చెరలో వెలిగిన రామనామము

సికింద్రాబాదు రైలు స్టేషనును ఆనుకొని ఉన్న బోయిగూడ నుండి చూచినచో పడమటి దిక్కున గోలకొండ దుర్గము, తూర్పున దూరముగా గౌతమీ తీరమున భద్రాచలము కలవు. మొదటిది భక్త రామదాసు చెర అనుభవించిన తావు; రెండవది ఆయన తన స్వామికి ఆలయము నిర్మించిన క్షేత్రము. ఈ రెండింటి నడుమ సాగినదే ఆ మహనీయుని జీవితము.

కంచర్ల గోపన్న 17వ శతాబ్దమున నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ అను నియోగి దంపతులకు జన్మించినాడు. చిన్ననాటనే రామభక్తి అబ్బినది. కబీరుదాసు అను సాధువు వలన ఆయన తారకమంత్రమును గ్రహించినాడని సంప్రదాయము చెప్పుచున్నది. అబుల్ హసన్ తానీషా (1672-1687) కొలువులో అధికారము నెరపిన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలు. వారి ప్రాపకమున గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారైనాడు.

ఆ పరగణాలోనిదే భద్రాచలము. పోకల దమ్మక్క అను భక్తురాలు పందిరి వేసి కొలుచుచున్న స్వామిని చూచి గోపన్న హృదయము ద్రవించినది. శిస్తుగా వసూలైన ధనముతో ఆలయమును కట్టించి, సీతారామలక్ష్మణులకు ఆభరణములు చేయించినాడు. ఆ మొత్తము ఆరు లక్షల వరహాలని ప్రతీతి. అందులో ఒక్క వరహానైనను ఆయన తన సౌఖ్యమునకు వాడుకొనలేదు. అయినను రాజ్యపు సొమ్ము లెక్క తప్పినది. ఫలితముగా పండ్రెండేండ్లు గోలకొండ చెరసాలలో మగ్గవలసి వచ్చినది.

ఆ చీకటి గదిలో ఆయనకు మిగిలినది కంఠమొక్కటే. ఏ నగకు ఎంత వెచ్చించినదియు స్వామికే లెక్క అప్పగించి నిలదీసినాడు. బాధ మిక్కుటమైనపుడు నిష్ఠురములాడినాడు. మరుక్షణమున పశ్చాత్తాపపడి క్షమింపుమని వేడుకొన్నాడు. గోడపై నేటికిని కనవచ్చు సీతారామలక్ష్మణ హనుమంతుల రూపములు ఆయన చెక్కినవేయని జనుల విశ్వాసము.

ఆ మోటు గీతల ముందు నిలిచిన యాత్రికుని కన్నులు ఏల చెమ్మగిల్లును? మస్తిష్క శాస్త్రము దీనికి కొంత సమాధానము చెప్పగలదు. డాక్టర్ వి.యస్. రామచంద్రన్, విలియం హిర్‌స్టీన్ అను పండితులు 1999లో ప్రకటించిన వ్యాసమున చోళుల కాలపు పార్వతీ విగ్రహమును ఉదాహరించి, శిల్పి రూపములోని సారమును పట్టి దానిని అధికము చేసి చూపుననిరి. మన పెద్దలు రసమన్నది దానినేయని వారి భావన. వివరములన్నియు నిండిన చిత్రము కంటె కొద్దిపాటి రేఖలే ఒక్కొక్కప్పుడు మనసును బలముగా ఆకర్షించుననియు వారు తెలిపిరి. కోదండము, జోడించిన చేతులు చాలును. తక్కినదానిని భక్తుని మనసే పూరించుకొనును.

ధ్యానమును గూర్చియు పరిశోధనలు జరిగినవి. ఆండ్రూ న్యూబర్గ్, ఆయన సహచరులు ఎనిమిది మంది టిబెట్ బౌద్ధ ధ్యానుల మెదడులను పరీక్షించి 2001లో ఫలితములు ప్రకటించిరి. ధ్యానము గాఢమైనపుడు ఏకాగ్రతకు సంబంధించిన ముందరి భాగము చురుకైనది. అది చురుకైన కొలది, దేహము ఎచట నున్నదో ఎరిగించు పార్శ్వభాగము నెమ్మదించినది. ఆ ఎనిమిది మందిలో కనుగొన్నది పదిహేడవ శతాబ్దపు బందీకి ఎంతవరకు వర్తించునో నిర్ణయింపలేము. అయినను నామస్మరణలో లీనమైనవానికి నాలుగు గోడల ఇరుకు మరపునకు వచ్చుట అసంభవము కాదని ఊహింపవచ్చును.

అయితే రామదాసు కథలో ఈ శాస్త్రమునకు అందని మలుపొకటి కలదు. స్వామి లక్ష్మణ సమేతుడై రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో వచ్చి ఆరు లక్షల రామమాడలు చెల్లించినది ఒక రాత్రి తానీషా శయనాగారమున! పండ్రెండేండ్లు జపించినవానికి దర్శనము లేదు. జపమెరుగని పరమతస్థుడైన ప్రభువునకు లభించినది. జపము వలన కలిగిన చిత్తభ్రమయే దర్శనమనువారు మొదట ఈ కథకు సమాధానము చెప్పవలెను. విడుదలైన గోపన్న తన చెరకు వగవలేదు. ఆ ప్రభువు భాగ్యము తనకు లేకపోయెనే యని వగచినాడని పెద్దలు చెప్పుదురు.

వీణ తంత్రులు ఎట్లు కంపించునో శాస్త్రము చెప్పును. వాయించినవాని ప్రేమను తూచుటకు ఆ త్రాసు చాలదు. కోరినది దొరకకున్నను పాడుట మానని ఓర్పే రామదాసు మనకు విడిచిన సొత్తు.

1687లో గోలకొండ మొగలాయిల వశమైనది, తానీషా బందీయైనాడు. గోపన్న కట్టించిన కోవెల మాత్రము నిలిచినది. శ్రీరామనవమినాడు ప్రభుత్వము పక్షమున ముత్యాల తలంబ్రాలు భద్రాద్రికి చేరుట నేటికిని ఆచారము. తానీషా కాలమున మొదలైనదని చెప్పబడు ఈ మర్యాదలో చెర వేసిన ప్రభువు, చెరపడిన భక్తుడు ఇరువురును స్వామి కల్యాణమునకు చుట్టములైనారు.