సవరల పంతులుగారు: గిడుగు వెంకట రామమూర్తి

ఉద్యోగధర్మాన్ని బట్టి ఊళ్ళు మారే కుటుంబాలకు బడి సమస్య కొత్తది కాదు. ఇంట తెలుగు, బడిలో మరొక భాష. మొదటి సంవత్సరమంతా పిల్లవాడు మాట రాక మూల కూర్చుంటాడు. వాడు మందబుద్ధి అని ఉపాధ్యాయుడు తలుస్తాడు. బస్తరు సీమలో బీజాపూరు నుండి భోపాలపట్నం పోయే దారిలో మద్దేడ్ అనే ఊరున్నది. గోదావరి ఈవలి ఒడ్డున తెలంగాణము. ఆ సరిహద్దు సీమలో తెలుగూ వినబడుతుంది, గోండీ దోర్లీ పలుకులూ వినబడతాయి. రాష్ట్రభాష మాత్రం హిందీ. అటువంటి చోట అడవిబిడ్డ పడే పాటు మన బిడ్డ పాటుకంటె పెద్దది. మన బిడ్డకు ఇంటి అలమారలో తెలుగు పుస్తకమైనా ఉంటుంది. వానికి అదీ లేదు. ఈ బాధను నూరేండ్లకు పూర్వమే గుర్తించి, దానికి మందు వెదకిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. పన్నెండవ యేటనే తండ్రి గతించగా, బంధువుల ఆదరణతో విజయనగరంలో చదువుకొన్నారు. అక్కడ గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి, ఉద్యోగం చేసుకొంటూనే పట్టభద్రులై, తరువాత కళాశాలలో చరిత్ర బోధించారు.

పర్లాకిమిడి చుట్టుకొండలలో సవరలు నివసిస్తారు. సంతకు వచ్చిన సవరకు తన సరుకు ధర చెప్పుకోవడానికైనా, కచేరీలో తన గోడు వినిపించుకోవడానికైనా పరభాషే దిక్కు. వీరికి చదువు చెప్పవలెనని పంతులుగారికి తోచినది. లోకులైతే ఒక తెలుగు వాచకం చేతికిచ్చి బడి తెరిచేవారు. పంతులుగారు అలా చేయలేదు. ముందుగా తామే విద్యార్థి అయినారు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంటనే ఉంచుకొని, ఏండ్ల తరబడి ఆ భాష నేర్చుకొన్నారు. సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానికి చెందినది. అందుచేత తెలుగు వ్యాకరణం అక్కడ తోడు రాదు. దానికి లిపి లేదు, పుస్తకం లేదు. మాట విని, మాట వ్రాసుకొని, మాటలోని కట్టుబాటును వెదకి తీయవలసినదే.

అటుపిమ్మట సవర భాషలో వాచకాలు వ్రాశారు, కథలూ పాటలూ కూర్చారు. సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తామే జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆ పుస్తకాలకు ప్రభుత్వం ఇవ్వజూపిన పారితోషికాన్ని స్వీకరింపక, దానికి మారుగా సవరలకు పాఠశాల పెట్టవలసినదని కోరారు. అడవులలో తిరిగిన ఫలితంగా జ్వరాల పాలై, క్వినైను వాడకం వలన చెవుడు వచ్చినది. అన్యుల పలుకు వినడానికై శ్రమించినవారికి వినికిడే లోపించడం విధి వైపరీత్యము. అయినను కృషి ఆగలేదు. ఆయన రచించిన సవర వ్యాకరణాన్ని 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వం ప్రకటించినది.

1913లో రావు బహదూరు బిరుదు, తరువాత కైజర్-ఇ-హింద్ పతకం లభించినవి. 1911లోనే ఉద్యోగం విరమించి, వాడుక భాషా ప్రచారానికి జీవితం అంకితం చేశారు. 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక స్థాపించారు. గ్రాంథికం తెలియక కాదు, దానిలో నిష్ణాతులై యుండియు, పిల్లల చదువుకు అది అడ్డని వాదించారు. 1936లో పర్లాకిమిడి ఒడిస్సాలో చేరగా, ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో పరమపదించారు.

ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. వాడుక భాషకై పోరాడిన గిడుగువారిని తలుస్తాము. సవరల పంతులుగారిని మరుస్తాము. నిజానికి ఆ రెండు కృషులకు మూలసూత్రం ఒక్కటే: బిడ్డ ఏ మాటతో బడికి వస్తాడో ఆ మాటతోనే చదువు మొదలు కావలెను; ఆ మాట తెలియకపోతే నేర్చుకోవలసినవాడు ముందు గురువు.

1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పించవలెనని చెబుతున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు అయిదవ తరగతి దాకా ఇంటి భాషనే సూచించినది. పరరాష్ట్రంలో మన పిల్లలకు తెలుగు కావలెనని ఈ న్యాయాన్ని మనం కోరుకోవడం సమంజసమే. అయితే మద్దేడ్ వంటి సీమలలో తెలుగు కూడా ఒక గోండు బిడ్డకు పరభాషే. అక్కడికి ఉద్యోగరీత్యా వెళ్ళిన తెలుగువాడు ఆ బిడ్డ పలుకు నాలుగు మాటలైనా నేర్చుకొంటే, పంతులుగారి పటానికి వేసిన పూలమాలకంటె అది మిన్న.