ఎడమకాలి పాఠం చెప్పిన టీచర్.. ఇండియాకు గోల్డ్ తెచ్చిన హైదరాబాదీ కోచ్ ఈయనే!

మక్తల్ వైపు స్కూల్ గ్రౌండ్లలో ఇప్పుడంతా క్రికెట్ హడావుడే. కానీ హైదరాబాద్ గల్లీల్లో కుర్రాళ్లను ఏరి ఇండియా ఫుట్‌బాల్ టీమ్‌దాకా పంపిన మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. స్కూల్ టీచర్‌గా పనిచేశారు. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ ఎగరేసుకొచ్చింది.

రహీం ట్రైనింగే వేరు. కుడికాలి వాటం కుర్రాళ్లు ఎడమకాలితోనే ఆడాలని రూల్ పెట్టి టోర్నీలు నడిపేవారు. డిఫెండర్ ఒకవైపు దారి మూసేస్తే రెండో కాలు పనికి రావాలి కదా! బంతిని కాళ్ల దగ్గరే అట్టిపెట్టుకుంటే ఊరుకునేవారు కాదు, పాస్ ఇవ్వాల్సిందే. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన చేతిలో తయారైనవాడే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన ఇండియా టీమ్‌లో బలరాం ఉన్నాడు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు.. ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. పెద్ద రిస్కే! సెప్టెంబర్ 4న ఫైనల్లో సౌత్ కొరియాపై 2-1తో గెలిస్తే, అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకు మళ్లీ గోల్డ్ రాలేదు.