జైళ్ళు తిరిగిన భూస్వామి: జాన్ హోవర్డ్

ఒక మనిషి మీద దొంగతనం కేసు పెట్టారనుకోండి. విచారణ జరిగింది, నేరం రుజువు కాలేదు, పొమ్మన్నారు. ఎక్కడికి పోవాలి? ఇంటికే కదా! 1773 నాటి ఇంగ్లండులో అలా కాదు. అతణ్ణి మళ్ళీ జైలుకే తీసుకుపోయేవాళ్ళు. జైలరుకు ఇవ్వవలసిన ఫీజు బాకీ ఉందిగా మరి! చాలాచోట్ల జైలరుకు జీతం ఉండేది కాదు. ఖైదీ లోపలికి వస్తే ఇంత, సంకెళ్ళు తేలిక చేస్తే ఇంత, బయటికి పోతే ఇంత అని వసూలు చేసుకోవడమే అతని బ్రతుకుతెరువు. మన భాషలో చెప్పాలంటే మామూళ్ళు. అయితే ఇవి చాటుమాటు మామూళ్ళు కావు, పెద్దమనుషులు ఒప్పుకున్నవే. న్యాయమూర్తులకు తెలుసు, ఊరి పెద్దలకు తెలుసు. లోపలికి వెళ్ళి చూసి ఇదేమి న్యాయమని పట్టుబట్టి అడగడానికి మాత్రం ఒక పల్లెటూరి భూస్వామి రావలసి వచ్చింది.

ఆయనే జాన్ హోవర్డ్. 1726లో పుట్టాడు. తండ్రి లండన్‌లో పరుపులూ పరదాలూ అమర్చే వ్యాపారంలో బాగా గడించినవాడు. తల్లి చిన్నతనంలోనే పోయింది. బెడ్‌ఫర్డ్ జిల్లాలోని కార్డింగ్టన్ అనే పల్లెలో పెరిగాడు. చదువు అంతంతమాత్రం. తండ్రి పోయాక ఆస్తి చేతికొచ్చింది, చివరికి ఆ పల్లెలోనే స్థిరపడ్డాడు. తన భూముల్లో ఉండేవాళ్ళకు మంచి ఇళ్ళు కట్టించాడు. బంగాళాదుంప పండించాడు, ఒక రకం దుంపను ఆయన పేరుతోనే పిలిచేవారు. రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు మహా ముచ్చటేసింది.

సైన్సు విద్యార్థులకు నచ్చే సంగతి ఇంకొకటుంది. 1756లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. సిద్ధాంతాలేమీ కనిపెట్టలేదు. థర్మామీటరు పట్టుకుని కార్డింగ్టన్‌లో చలి ఎంత, బాత్ పట్టణంలో వేడినీటి ఊటలు ఎంత వేడి, వెసూవియస్ మీద నేల ఎంత వేడి అని కొలిచి రాసి పంపేవాడు, అంతే. చూడబోతే ఇది చిన్న పని. కాని స్వయంగా వెళ్ళి కొలిచి రాసుకునే ఈ అలవాటే తరువాత వేలమంది ఖైదీలకు అక్కరకొచ్చింది.

జైలంటే ఏమిటో ఆయనకు ఒకసారి ఒంటికి తగిలింది కూడా. 1755లో లిస్బన్ నగరం భూకంపంలో కూలిపోయాక అక్కడికని ఓడెక్కాడు. దారిలో ఫ్రెంచివాళ్ళు ఓడను పట్టుకుని అందరినీ బ్రెస్ట్ కోటలోని కొట్లో వేశారు. తిండీ నీళ్ళూ లేక, గడ్డి మీద పడుకుని రోజులు గడిపాడు. విడుదలయ్యాక తనతో పట్టుబడిన నావికుల సంగతి అధికారుల చెవిన వేసి ఊరుకోకుండా వెంటపడ్డాడు. ఆ తరువాత మళ్ళీ పదిహేడేళ్ళు పల్లె, పొలం, సంసారం. ఈ మధ్యలోనే 1765లో రెండో భార్య హెన్రియెటా కొడుకును కని వారానికే కన్నుమూసింది.

1773లో ఆయన్ను బెడ్‌ఫర్డ్ జిల్లా షెరీఫ్‌ను చేశారు. అది అలంకారపు పదవి. ఊరేగింపుల్లో ముందు నడవడం, న్యాయమూర్తులకు స్వాగతం చెప్పడం ముఖ్యమైన పనులు. జైలు కూడా షెరీఫ్ కిందే ఉండేది గాని లోపలికి వెళ్ళిన షెరీఫులు అరుదు. హోవర్డ్ వెళ్ళాడు. నిర్దోషులు ఫీజు కట్టలేక మగ్గుతుండడం కళ్ళారా చూశాడు. జైలరుకు జీతమిచ్చి ఈ ఫీజులు ఎత్తేయండి అని జిల్లా పెద్దలను అడిగాడు. ఇంకెక్కడైనా అలా ఇస్తున్నారా, చూపించు అన్నారు వాళ్ళు. తప్పించుకునే మాట అది. ఈయన మాత్రం గుర్రమెక్కి పక్క జిల్లాలకు బయలుదేరాడు. అడిగిన ఉదాహరణ దొరకలేదు. దొరికిందల్లా అదే అన్యాయం, ఒక్కోచోట ఇంకా ఘోరంగా.

ప్లిమత్ జైల్లో ఒక గది పొడవు 17 అడుగులు, వెడల్పు 8 అడుగులు, ఎత్తు సుమారు అయిదున్నర. మా ఇంటి దూడల కొట్టం అంతకన్నా ఎత్తు. దానికి కిటికీ లేదు. తలుపుకు 7 అంగుళాలు పొడవు, 5 అంగుళాలు వెడల్పు రంధ్రం మాత్రం ఉంది. ద్వీపాంతర శిక్ష పడిన ముగ్గురు దాదాపు రెండు నెలలు ఆ గదిలో ఉండి, ఊపిరి కోసం వంతులవారీగా ఆ రంధ్రం దగ్గరికి వచ్చేవారట. హోవర్డ్ ఇదంతా చెప్పి కన్నీరు కార్చలేదు. అడుగులూ అంగుళాలూ రాశాడు. రొట్టె ఎంత బరువుందో, నీళ్ళున్నాయో లేదో, రోగిని చూడడానికి వైద్యుడు వస్తున్నాడో లేదో రాశాడు. 1776లో ఇంగ్లండు, వేల్సు జైళ్ళలో ఆయన లెక్కకు తేలినవారు 4,084 మంది. అందులో 2,437 మంది నేరస్థులు కానే కాదు, అప్పు తీర్చలేనివాళ్ళు! మతి చలించినవాళ్ళనూ, పసివాళ్ళనూ కరడుగట్టిన దొంగలతో కలిపి ఉంచిన చోట్లు కూడా చూశాడు.

ఉరికంటే జైలు జ్వరమే ఎక్కువమందిని చంపుతోందని ఆయన తేల్చాడు. అది టైఫస్. చెడుగాలి వల్ల వస్తుందని ఆయనా నమ్మాడు. బట్టల్లో ఉండే చీరపేల వల్ల అది వ్యాపిస్తుందని 1909లో గాని చార్లెస్ నికోల్ రుజువు చేయలేదు. కారణం తప్పయినా మందు మాత్రం ఒప్పే: స్నానం, శుభ్రమైన బట్టలు, ఏటేటా సున్నం, రోగులకు వేరే గది. జైళ్ళు తిరిగాక ఆయన బట్టలు ఎంత కంపుకొట్టేవంటే, మూసిన బండిలో కూర్చోలేక గుర్రం మీదే వెళ్ళేవాడు. నోటు పుస్తకాన్ని నిప్పు దగ్గర కాచి గాని తెరిచేవాడు కాడు.

1774లో పార్లమెంటు ఆయన్ను పిలిచి సాక్ష్యం విని కృతజ్ఞతలు చెప్పింది. ఆ ఏడే రెండు చట్టాలొచ్చాయి. నిర్దోషుల దగ్గర ఫీజు తీసుకోరాదని ఒకటి, ఖైదీల ఆరోగ్యం గురించి ఇంకొకటి. ఇంకొకరైతే అక్కడితో దండలు వేయించుకుని ఇంట్లో కూర్చునేవారు. నన్నడిగితే హోవర్డ్ గొప్పతనం ఇక్కడే మొదలవుతుంది. చట్టాలను సొంత డబ్బుతో అచ్చువేయించి జైలర్లకు పంపాడు. తరువాత మళ్ళీ గుర్రమెక్కాడు, అమలవుతున్నాయా లేదా అని చూడడానికి! ఆరోగ్య చట్టాన్ని జైల్లో అందరికీ కనబడేలా వేలాడదీయాలని నిబంధన. వేలాడదీయని జైలు పేరు పుస్తకానికెక్కేది. 1777లో అచ్చయిన ఆ పుస్తకం ఊరి పేరు, జైలరు పేరు, ఫీజు మొత్తంతో సహా ఉన్న చిట్టా. కథలా చదవాలంటే విసుగే. కాదనడానికి మాత్రం ఎవరికీ వీలులేకపోయింది.

ఇదంతా పరాయి దేశపు పాతకథ అనుకోవద్దు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో మన సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన బీహారు ఖైదీల్లో కొందరు, నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువ కాలం విచారణ లేకుండానే జైల్లో ఉన్నారు. జామీనుకు డబ్బు లేకపోవడమే చాలామందికి అడ్డు. 2022 చివర్లో కూడా మన దేశపు ఖైదీల్లో నాలుగింట మూడొంతులు విచారణ ముగియనివారే.

హోవర్డ్ తరువాత యూరప్ అంతా తిరిగాడు. పారిస్‌లో బాస్టిల్ తలుపు ఆయనకు తెరవలేదు. పదేళ్ళలో 42,000 మైళ్ళు తిరిగినట్లు తానే లెక్క వేసుకున్నాడు. ఖర్చంతా సొంతం. ప్లేగు రాకుండా ఓడ ప్రయాణికులను నిర్బంధించే చోట్ల సంగతి తెలుసుకోవాలని, అంటువ్యాధి అనుమానమున్న ఓడనే ఏరి ఎక్కి స్మిర్నా నుంచి వెనిస్ వెళ్ళి, అక్కడ తానే నిర్బంధంలో ఉన్నాడు. ఆ నిర్బంధంలో ఉండగానే రెండు కబుర్లు అందాయి. ఒకటి, ఇంగ్లండులో తనకు విగ్రహం కట్టడానికి చందాలు పోగుచేస్తున్నారని. వెంటనే వద్దని రాశాడు. రెండోది, కొడుక్కి మతి చెడిందని.

తల్లి లేని ఆ పిల్లవాడు బడుల్లోనూ బంధువుల దగ్గరా పెరిగాడు. తండ్రి కఠినంగా పెంచాడని అప్పుడే కొందరన్నారు, కాదని స్నేహితులు వాదించారు. అది తేల్చడం నా తరం కాదు. కాని ఎక్కడెక్కడి ఖైదీల రొట్టె తూకం వేసిన మనిషి, సొంత కొడుకు దగ్గర ఎక్కువ కాలం లేడన్నది నిజం. ఈ మాట వదిలేసి ఆయన్ను దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. కొడుకు 1799లో పిచ్చాసుపత్రిలోనే పోయాడు.

అప్పటికి తండ్రి లేడు. 1789లో రష్యాకు ఆఖరి ప్రయాణం కట్టాడు. నల్లసముద్రం వైపున్న ఖెర్సన్‌లో సైనికుల ఆసుపత్రులు చూస్తూ, జ్వరంతో ఉన్న ఒక యువతికి వైద్యం చేయబోయి తానూ జ్వరం తెచ్చుకున్నాడు. 1790 జనవరి 20న అక్కడే పోయాడు. సమాధి మీద నీడగడియారం తప్ప ఇంకేమీ వద్దని చెప్పుకున్నాడు. లండన్‌లో సెయింట్ పాల్ చర్చిలో మాత్రం ఆయన విగ్రహం నిలబెట్టారు. జైళ్ళను చూసి పార్లమెంటుకు నివేదిక ఇవ్వడానికి జీతంమీద ఇన్‌స్పెక్టర్లను ఇంగ్లండు ప్రభుత్వం 1835లో నియమించింది.