దోర్నకల్ అజరయ్య: తలమీద చెయ్యి, కుండలో పిడికెడు బియ్యం

చర్చి అంటే ఆదివారం వెళ్లి కూర్చోవడం, పాస్టరుగారు చెప్పింది విని రావడం. మన వాడల్లో ఈ అలవాటు బాగా పాతుకుపోయింది. వందేళ్ల కిందటే దీంతో పోరాడిన మనిషి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్‌గా ఆయన అందరికీ తెలుసు. మేము చెప్పాలనుకున్నది అది కాదు.

1874లో తిరునల్వేలి ప్రాంతంలో నాడార్ కుటుంబంలో పుట్టారాయన. తాటిచెట్లెక్కి బతికిన ఆ కులాన్నీ గుడి గడప బయటే నిలబెట్టారు. 1903లో తోటివారితో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. విదేశీ డబ్బు మీద ఆధారపడకుండా తమిళ క్రైస్తవులే నడుపుకున్న సంస్థ అది. ఆ సంస్థ పనికి నైజాం రాజ్యంలోని దోర్నకల్‌ను ఎంచుకుంది. ఎవరినో పంపి ఊరుకోకుండా 1909లో తానే వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటేడు ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల పెత్తనాన్ని వాళ్ల ముఖం మీదే ప్రశ్నించారు. 1912లో బిషప్ అయ్యారు.

దోర్నకల్ సంఘాల్లో ఎక్కువమంది మాలలు, మాదిగలు. చదువు లేదు, భూమి లేదు. ఇలాంటివాళ్లను చర్చి ఆదుకోవాల్సిన జనంగానే చూడటం అప్పటి పద్ధతి. (ఇప్పుడు మాత్రం?) అజరయ్య లెక్క వేరు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత వాళ్ల చెయ్యి వాళ్ల తలమీదే పెట్టించి, సువార్త చెప్పకుండా ఉండబోమని ఒట్టు పలికించేవారు. పాలేరైనా, చెప్పులు కుట్టేవాడైనా ఆ పని జీతగాళ్లకు వదిలేయడానికి వీల్లేదు. ఏటా సాక్ష్యపు వారం పెట్టి ఆడవాళ్లనూ మగవాళ్లనూ జట్లుగా పక్క ఊళ్లకు పంపేవారు. ఊరి అరుగు ముందు తలొంచుకుని నిలబడాల్సిన మనిషి అదే ఊళ్లో నోరు తెరిచి పాడుతున్నాడు, చెబుతున్నాడు. అప్పటి ఊళ్లలో ఇదేం చిన్న విషయం కాదు. వాడలో వచ్చిన మార్పు చూసి కొన్నిచోట్ల శూద్ర కులాలవాళ్లూ సంఘాల్లో చేరారు.

ఇవ్వడం సంగతీ అంతే. పేదవాళ్లు ఏమిస్తారులే అన్న జాలిని ఆయన ఒప్పుకోలేదు. వండే ముందు పిడికెడు బియ్యం వేరే కుండలో తీసిపెట్టడం ఇంటి ఆడవాళ్ల పని. ఆ బియ్యం సంఘానికి చేరేది. మన సంఘాలకు లెక్క అడిగే హక్కు ఆ పిడికెడు నుంచే వచ్చిందని మేము అనుకుంటాం.

1936 ప్రాంతంలో గాంధీ, మతం మంచిచెడ్డలు తేల్చుకునే తెలివి హరిజనులకు లేదన్నట్టు రాశారు. అజరయ్య ఆయనతో విభేదించారు. వాడ మనుషులు ఆలోచించి నిర్ణయం తీసుకోవడం ఆయన కళ్లారా చూసినవాడు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్న ఆయన వాదనతో మాత్రం మాకు పేచీ ఉంది. సంఖ్యాబలం లేనివాళ్ల గొంతు చట్టసభకు ఎలా చేరుతుందన్న ప్రశ్నకు ఆయన దగ్గర సరైన జవాబు లేదు. సంఘంలో కులం ఉండకూడదని ఆయన గట్టిగా పట్టుబట్టినా, మాల చర్చి, మాదిగ చర్చి అన్న మాట మనం ఇవాళ్టికీ వింటూనే ఉన్నాం.

1939లో దోర్నకల్ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు కలిపి కట్టిన కట్టడం అది. 1945 జనవరి 1న అజరయ్య దోర్నకల్‌లోనే కన్నుమూశారు. అప్పటిదాకా ఆంగ్లికన్ చర్చి మరో భారతీయుడి చేతికి ఒక్క డయాసిస్ కూడా అప్పగించలేదు.