పాల్ బ్రోకా: మాట పోయినవారి వైద్యుడు

మనుష్యుడు నోరు తెరచి మాటలాడలేకపోయినచో వానికి బుద్ధియు లేదని తలంచుట లోకమున చిరకాలమునుండి యున్న అలవాటు. పక్షవాతము వచ్చి మాట పడిపోయిన వృద్ధుని ఇంటివారే పసిబిడ్డవలె చూచుటయు, అతని యెదుటనే అతనినిగూర్చి అతడచ్చట లేనట్లు ముచ్చటించుటయు మనమెరుగనివి కావు. మాట వేరు, బుద్ధి వేరు అని రోగుల ప్రక్కన కూర్చుండి పరీక్షించి చూపినవారిలో ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా ముఖ్యుడు. మెదడునందు ఇతని పేరు గల తావు ఒకటి కలదని ప్రకృతిశాస్త్రము చదువు విద్యార్థులు వినియుందురు. ఆ తావును కనుగొన్న పిదప ఇతడు చేసిన మరియొక పని మాత్రము అంతగా ప్రసిద్ధికి రాలేదు. నా దృష్టిలో అదియే గొప్పది.

బ్రోకా 1824వ సంవత్సరము జూన్ 28వ తేదీన నైరృతి ఫ్రాన్సులో, దొర్దోన్యు నదీతీరముననున్న సాంత్‌ఫ్వా అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి నెపోలియను సైన్యములో పనిచేసిన వైద్యుడు. తల్లి ప్రొటెస్టెంటు బోధకుని కుమార్తె. 17వ యేట పారిసు వైద్యకళాశాలలో ప్రవేశించి, త్వరలోనే శస్త్రవైద్యుడుగాను శరీరనిర్మాణశాస్త్రజ్ఞుడుగాను పేరొందెను. 1859లో మానవశాస్త్రసంఘము నొకదానిని స్థాపించెను. మనుష్యజాతినిగూర్చి చర్చించువారు రాజ్యమునకు ముప్పు తెత్తురేమో యను అనుమానముతో ప్రభుత్వమువారు సంఘసభలకెల్ల ఒక పోలీసు ఉద్యోగిని పంపుచుండిరట. పాపము, ఆ ఉద్యోగి మెదడులనుగూర్చియు కపాలములనుగూర్చియు ఎన్ని గంటలు వినవలసి వచ్చెనో!

ఆ దినములలో పండితుల నడుమ నొక వివాదము రేగుచుండెను. మెదడంతయు ఒక్కటిగా పనిచేయునా, లేక ఒక్కొక్క పనికి ఒక్కొక్క తావు కలదా? గాల్ అను వైద్యుడు పూర్వము కపాలముపై నున్న మిట్టలను తడవి మనుష్యుని గుణములు చెప్పవచ్చునని ప్రచారము చేసియుండెను. ఆ బోధ నవ్వులపాలు కాగా, మెదడునందు వేర్వేరు తావులున్నవను ఊహకే చెడ్డపేరు వచ్చెను. అయినను బుయో అను వైద్యుడు వాక్శక్తి మెదడు ముందుభాగమున నున్నదని 1825 మొదలు పట్టుదలతో వాదించుచుండెను. అట్లు కాదని చూపగలవారికి 500 ఫ్రాంకులిత్తునని పందెము కూడ కాచెను. 1861వ సంవత్సరమున అతని అల్లుడు ఓబుర్తా ఆ వాదమునే మానవశాస్త్రసంఘమున నిలిపెను. ఆ వాదములు సాగుచుండగానే ఏప్రిల్ మాసమున బ్రోకా చేతికి ఒక రోగి వచ్చెను.

పారిసు నగరమునకు దక్షిణమున బిసేత్ర్ అను పెద్ద ఆసుపత్రి యుండెను. అందు లెబోర్న్ అను 51 ఏండ్ల పురుషుడు 21 ఏండ్లనుండి కాలము గడుపుచుండెను. చిన్ననాటినుండి అతనికి మూర్ఛరోగము. అయినను చెప్పులు కుట్టువారికి కావలసిన కొయ్య అచ్చులు చేయుచు జీవించెను. 30వ యేట మాట పోయెను. అది మొదలు ఎవరేమి యడిగినను తాన్, తాన్ అని రెండుమారులు పలుకుట తప్ప మరియొక మాట రాదాయెను. ఆసుపత్రివారు అతనిని తాన్ అనియే పిలుచుచుండిరి. పదేండ్లకు కుడిచేయి చచ్చుబడెను. పిమ్మట కుడికాలును అట్లే యయ్యెను. కడపటి యేడేండ్లు మంచమునుండి లేవలేదు. ఆ కాలు వాచి చీముపట్టి ప్రాణముమీదికి రాగా అతనిని శస్త్రవైద్యుని విభాగమునకు తెచ్చిరి.

బ్రోకా అతనిని పరీక్షించిన తీరు గమనింపదగినది. నాలుక చచ్చుబడెనేమో యని చూచెను; అది ఇటునటు చక్కగా కదలుచుండెను. కంఠస్వరము సహజముగనే యుండెను. చెవి బాగుగా వినుచుండెను. ఇచ్చట నెన్ని యేండ్లనుండి యున్నావని యడుగగా, రోగి తన మంచి చేతిని నాలుగుమారులు తెరచి మూసి, పిదప ఒక్క వ్రేలు చూపెను. నాలుగైదులు ఇరువది, దానికొకటి కలిపిన ఇరువదియొకటి. లెక్క సరిపోయెను! మరల నదే ప్రశ్న వేయగా అదే యుత్తరము వచ్చెను. మూడవమారు అడుగునప్పటికి, వీరు నన్ను ఊరక విసిగించుచున్నారని గ్రహించి రోగి కోపించెను. ఆ కోపమున ఒక తిట్టు స్పష్టముగ అతని నోట వెడలెను. ఎంత ప్రయత్నించినను రాని మాట, కోపము వచ్చినప్పుడు తనంతట తానే వచ్చినదన్నమాట. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొందురు గాక. ముందు దీనితో పనియున్నది.

బ్రోకా ఓబుర్తాను పిలిపించి రోగిని చూపించెను. ఏప్రిల్ 17వ తేదీన లెబోర్న్ మరణించెను. శవపరీక్షయందు మెదడు ఎడమ అర్ధభాగమున, ముందువైపున, కోడిగ్రుడ్డంత గుంట యేర్పడి నీటితో నిండియుండుట కనబడెను. మరునాడే బ్రోకా ఆ మెదడును సంఘమువారి యెదుట పెట్టెను. దానిని కోసి చూడవలెనను కోరిక ఏ వైద్యునికైనను కలుగును. అతడట్లు చేయక, రాబోవువారు పరీక్షింపగలుగుటకై చెక్కుచెదరకుండ భద్రపరచెను. ఆ దూరదృష్టికి ఫలము 2007లో లభించెను. ఆ సంవత్సరము పండితులు ఆ మెదడును యంత్రముచే చిత్రించి, గాయము బ్రోకా చూచినదానికంటె లోతుగా వ్యాపించినదని తెలిసికొనిరి.

అదే సంవత్సరము అక్టోబరులో తొడయెముక విరిగిన 84 ఏండ్ల లెలాంగ్ అను ముదుసలి వచ్చెను. ఇతనికి ఏడాదిన్నర క్రిందట మెదడునకు దెబ్బతగిలి ఐదు మాటలు మాత్రమే మిగిలెను: అవును, కాదు, ఎల్లప్పుడు, మూడు, తన పేరు. ఏ లెక్క యడిగినను మూడు అనుటయే. ఎందరు బిడ్డలనగా మూడు అని పలుకుచు నాలుగు వ్రేళ్లు చూపెను. మగపిల్లలెందరన మూడు అని రెండు వ్రేళ్లు. ఆడపిల్లలెందరన మూడు అని మరల రెండు వ్రేళ్లు. నోరు తప్పుచున్నది, వ్రేళ్లు తప్పుటలేదు. ఇతడును కొలది దినములకే చనిపోగా, గాయము అదే తావున కనబడెను.

పిమ్మట ఇట్టి రోగులు మరికొందరు దొరకిరి. గాయములు ఎడమవైపుననే యుండుట చూచి బ్రోకా మొదట ఆశ్చర్యపడెను. తొందరపడి సిద్ధాంతము చేయక, 1865లో గాని మనము ఎడమ అర్ధభాగముతో మాటలాడుదుమని నిశ్చయముగా చెప్పలేదు. మార్క్ డాక్స్ అను పల్లెటూరి వైద్యుడు ఇదే సంగతిని 1836లోనే వ్రాసియుంచెనని అతని కుమారుడు వాదించెను. న్యాయముగా చూడగా ఆ తండ్రికిని ఈ కీర్తిలో భాగమున్నది.

ఇక చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వత్తము. మాటయొక్క తావు కనుగొనుటతో సాధారణ శాస్త్రజ్ఞుడు తృప్తిపడియుండును. బ్రోకా మరియొక ప్రశ్న వేసికొనెను. ఎడమవైపు చెడినచో కుడివైపు దాని పని యేల నేర్చుకొనరాదు? మూర్ఛరోగియైన ఒక స్త్రీ మెదడులో ఆ ఎడమతావు పుట్టుకనుండియే లేకుండెను. అయినను ఆమె మాటలాడగలిగెను. కావున కుడివైపునకు శక్తి లేక కాదు, శిక్షణ లేక యని అతడు తలంచెను. మరి పెద్దవయస్సున మాట పోయినవారు మరల నేర్చుకొనరేమి? వారి మెదడు బాలుర మెదడువలె వంగునది కాదనియు, గాయము తక్కిన శక్తులను కూడ కొంత కుంటుపరచుననియు అతడొప్పుకొనెను. కాని అంతటితో విడువలేదు. తల్లి తన బిడ్డకు మాటలు నేర్పునప్పుడు దినదినము, విసుగులేక, వేలమారులు చెప్పినదే చెప్పును. ఆసుపత్రిలో మూలనున్న రోగికి అంతటి ఓర్పుతో నేర్పినవారెవరు? ఇదియే బ్రోకా ప్రశ్న.

ప్రశ్నించి ఊరకుండక తానే ఉపాధ్యాయుడయ్యెను. మాటతోపాటు చదువును పోగొట్టుకొన్న ఒక రోగికి అక్షరాభ్యాసము మొదలిడెను. పేరుపొందిన శస్త్రవైద్యుడు, గ్రంథకర్త, సంఘస్థాపకుడు, ఒక రోగి మంచము ప్రక్కన కూర్చుండి అక్షరములు దిద్దించుట! రోగి అక్షరములు వేగముగనే నేర్చెను. అక్షరములు కూర్చి చిన్న చిన్న ముక్కలు చదువగలిగెను. ఆ ముక్కలను చేర్చి పెద్దమాటగా చదువుటయందు మాత్రము చిక్కుపడెను. కొన్ని మాటలను అక్షరములనుబట్టి గాక, మొత్తపు ఆకారమునుబట్టి ముఖము గుర్తుపట్టినట్లు గుర్తించుచుండెను. ఫలము స్వల్పమే. అయినను నేర్పిన కొంత వచ్చునని ఋజువయ్యెను. ఎక్కడ ఆగిపోవునో తెలిసినచో తరువాతి గురువు అచ్చటనుండి వేరు త్రోవ వెదకగలడు.

బ్రోకాను లోపములేనివానిగా చిత్రించుట నాకిష్టము లేదు. అతడు కపాలములను కొలిచి, మెదడు పరిమాణమునుబట్టి స్త్రీలకంటె పురుషులును, కొన్ని జాతులకంటె కొన్ని జాతులును అధికులని వ్రాసెను. అది తప్పని తరువాతి శాస్త్రము తేల్చెను. వ్రేళ్లు చూపిన ముదుసలి బుద్ధిని అంత న్యాయముగా గుర్తించినవాడు ఈ విషయమున కొలబద్దకు లొంగిపోవుట విచారకరము. 1880లో ఫ్రాన్సు ప్రభుత్వమునందు శాశ్వత సెనేటు సభ్యత్వము లభించెను. ఆ సంవత్సరము జూలైలోనే 56వ యేట మరణించెను. పారిసులోని ఐఫిల్ గోపురముపై చెక్కిన 72 పేర్లలో అతని పేరు కలదు.

అతడు మొదలిడిన పనిని పెంచినది, వింతగా, యుద్ధమే. మొదటి ప్రపంచయుద్ధమున తలకు గాయములైన సైనికులకు మాట మరల నేర్పుటకు ఫ్రాంక్‌ఫర్టులో గోల్డ్‌స్టైన్ వైద్యుడు పాటుపడెను. రెండవ యుద్ధకాలమున రష్యాలో లూరియా ఆ పనినే చేసెను. తాన్ నోట కోపములో తిట్టు వెడలిన సంగతి చెప్పితిని గదా. మాట రానివారు కొందరు చిన్ననాటి పాటను మాత్రము పదములతో సహా పాడగలుగుటయు నట్టిదే. దీనినాధారము చేసికొని 1973లో అమెరికాలోని బోస్టను వైద్యులు, రాగము తీయించి చేతితో తాళము వేయించి చిన్న వాక్యములు నేర్పి, రాగమును క్రమముగా తగ్గించు పద్ధతిని ప్రకటించిరి. నేడు ఇట్టి శిక్షకులు మాటతోపాటు మ్రింగుటను కూడ నేర్పుచున్నారు. ఏలన మెదడు దెబ్బతిన్నవారికి పలుమారు నీరు గొంతు తప్పి ఊపిరిగొట్టములోనికి పోవును. నిటారుగా కూర్చుండబెట్టి, చిక్కని పదార్థమును చిన్న గ్రుక్కలుగా ఇచ్చుట, కొందరికి గడ్డము వంచి మ్రింగుమనుట వారి పాఠములు. ఎవరికేది తగునో పరీక్షించి చెప్పవలసినది వారే.

ఇక తాన్ సంగతి. అతడెవరో ఏ కుటుంబమువాడో నూటయేబది యేండ్లవరకు ఎవరును విచారింపలేదు. 2013లో పోలండు దేశపు చరిత్రకారుడొకడు పాత జనన పత్రములు వెదకి, అతని పూర్తి పేరు లూయి విక్టర్ లెబోర్న్ అనియు, 1809లో మొరే అను ఊర జన్మించెననియు, తండ్రి బడిపంతులనియు కనుగొనెను. ఆ యూర తోళ్లు పదునుచేయు పరిశ్రమ యుండెను. మనదేశమున తంగేడుచెక్క వాడినట్లు అచ్చట తోళ్లకు ఓకుచెట్టు చెక్క దంచి వాడుదురు. ఆ పొడికి ఫ్రెంచిభాషలో తాన్ అని పేరు. ఇరువదియొక్క యేండ్లు అతడు పలికిన ఆ ఒక్క మాట పుట్టినయూరి మాటయేమో యని ఆ చరిత్రకారుని ఊహ.