మిసిసిపీ జాన్ హర్ట్

మిసిసిపీ జాన్ హర్ట్ (మరణం: నవంబరు 2, 1966) అమెరికాకు చెందిన బ్లూస్ గాయకుడు, గిటారు వాద్యకారుడు. ముప్పై అయిదేళ్ళ అజ్ఞాతవాసం తరువాత ఈయన ఆచూకీ తెలిపినది ఈయన పాడిన పాటే.

హర్ట్ మిసిసిపీ రాష్ట్రంలో అవలాన్ అనే కుగ్రామంలో పెరిగాడు. తొమ్మిదేళ్ళ వయసులో గిటారు పట్టి, ఎవరి శిక్షణా లేకుండానే నేర్చుకున్నాడు. బొటనవ్రేలితో మంద్రస్వరాలను లయ తప్పక మీటుతూ, మిగిలిన వ్రేళ్ళతో పాట వరుసను పలికించడం ఈయన బాణీ. గొంతు మెత్తనిది, ఆ ప్రాంతపు బ్లూస్‌లో తరచు వినిపించే కరకుదనం ఇందులో లేదు.

1928లో ఓకే రికార్డు కంపెనీ ఈయన పాటలను మెంఫిస్, న్యూయార్క్ నగరాలలో రికార్డు చేసింది. పేరుకు ముందు "మిసిసిపీ" తగిలించినదీ ఆ కంపెనీయే. రికార్డులు అంతగా అమ్ముడుపోలేదు. వెనువెంటనే ఆర్థిక మాంద్యం వచ్చింది. హర్ట్ మళ్ళీ పొలం పనులకు వెళ్ళిపోయాడు.

1952లో హ్యారీ స్మిత్ వెలువరించిన అమెరికా జానపద సంగీత సంకలనంలో హర్ట్ పాటలు రెండు చోటుచేసుకొన్నాయి. వాటితో కొత్త తరానికి ఈయన పేరు తెలిసింది, మనిషి జాడ మాత్రం తెలియలేదు. న్యూయార్కులో ఉండగా ఇంటిమీద బెంగతో కట్టిన ఒక పాటలో హర్ట్ తన ఊరి పేరు చెప్పుకున్నాడు. ఆ పేరును పాత అట్లాసులో గుర్తించి, టామ్ హాస్కిన్స్ అనే యువకుడు 1963లో అవలాన్ చేరాడు. అప్పటికి హర్ట్ పశువుల పని చేసుకుంటున్నాడు, సొంత గిటారు కూడా లేదు. అదే సంవత్సరం న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో వేలమంది ఎదుట పాడాడు.

తరువాత దక్కినది మూడేళ్ళే. ఆ కొద్దికాలంలోనే అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కొరకు, పలు ఆల్బముల కొరకు పాడి, గ్రెనెడా పట్టణంలో మరణించాడు. ఈయన నివసించిన ఇల్లు మ్యూజియమై, 2024లో అగ్నికి ఆహుతైంది.